మార్తమ్మ ఫ్లాస్కు

“ఇక నేనీ మాత్ర మింగను! చచ్చినా మింగను!” అంటూ సుందర్ రాజు మాత్రల అట్టను వంటింటి చెత్తబుట్టలోకి విసిరేశాడు. పొయ్యి పక్కన మిరియాలు దంచుతున్న మార్తమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. తిరిగి చూస్తే... ప్రభువా! మొగుడి ముఖాన సగం గడ్డం గీసి ఉంది, సగం నురగ ఆరిపోయి ఉంది. చెంప మీద ఆవగింజంత గాటు. ఆ గాటు నుంచి కారిన రక్తం మెడ మీదుగా బనీను దాకా దిగింది. అరగంట నుంచీ దూది అద్దుతూనే ఉన్నాడట, ఆగడం లేదట!

“చూడు మార్తా, కళ్లు విప్పి చూడు! ఇంత గాటుకే ఇంత రక్తం! ఇవాళ్టి నుంచి ఐదు రోజులు డబ్బింగు. చివరి రోజు ఆ విలన్ చచ్చే సీను. మైకు ముందు నిలబడి పేగులు తెగేలా అరవాలి నేను. అప్పుడు గొంతులో ఏదైనా చిట్లితే? ఇలాగే ఆగకుండా కారితే? ఏం చెయ్యమంటావు?”

“ఆ ఒక్క అరుపూ ఇంకెవరి చేతనైనా అరిపించమనండి...”

“బావుంది! అన్నం నేను వండితే ముద్ద ఇంకొకడు తింటాడా?” అని కసురుకుని ఆయన మళ్లీ అద్దం ముందుకు వెళ్లిపోయాడు.

సుందర్ రాజు అంటే ఎవరో మీకు తెలిసి ఉండదు. కానీ ఆ గొంతు మీకు తెలుసు, తెలియదంటే నేను ఒప్పుకోను! ముంబయి నుంచి విమానంలో దిగే విలన్లు తెర మీద పెదవులు ఆడించి వెళ్లిపోతారు. వాళ్ల పగనీ, వాళ్ల వికటాట్టహాసాన్నీ తెలుగులో మనకు వినిపించేది యూసుఫ్‌గూడలో మేడ మీద రెండు గదుల వాటాలో ఉండే ఈ మనిషి. తెర మీద ఎన్ని హత్యలు చేయించినా ఇంట్లో బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కుతాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివితే చంకలో పిల్లలు కూడా ఏడుపు మానేసి వింటారు. ఈమధ్య మనుషుల గొంతులు మిషన్లే పలుకుతున్నాయని, పని తగ్గిపోయిందని అందరూ అనుకుంటుండగా, రెండేళ్ల తర్వాత ఆయనకు మొదటి నుంచి చివరిదాకా ఉన్న పెద్ద విలన్ పాత్ర వచ్చింది. ఆ సంబరం ముందు ఏ డాక్టరు మాటా ఆయన చెవికెక్కడం లేదు.

ఆరునెలల కిందట మేడ మెట్లెక్కుతూ గుండె దడదడలాడి కూలబడిపోతే, కూతురు జెరూష బలవంతాన జూబ్లీ హిల్స్ ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడ డాక్టర్ వందన కాగితం మీద గుండె బొమ్మ గీసి మరీ చెప్పింది. “మీ గుండె ఒక తాళంలో కొట్టుకోవడం లేదండీ. తాళం తప్పినప్పుడు లోపలొక మూల రక్తం నిలిచిపోతుంది. నిలిచింది గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకి వెళితే పక్షవాతం! అందుకే రక్తాన్ని పలచబరిచే ఈ మాత్ర. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నన్నడక్కుండా మానకూడదు, మర్చిపోయామని రెండు కలిపి వేసుకోకూడదు. నోరు పక్కకి లాగినా, చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా తీసుకొచ్చెయ్యాలి.” మార్తమ్మ ఆ మాటలన్నీ కంఠతా పట్టేసింది.

ఎందుకు పట్టదు? పక్షవాతమంటే ఏమిటో ఆవిడకు ఒకరు చెప్పాలా? కన్నతల్లి ఏడేళ్లు మంచాన పడుంటే సాకింది తనే కదా! రోజంతా పాటలు పాడుతూ, ఇరుగుపొరుగుతో కబుర్లు చెబుతూ తిరిగే తల్లి... ఒక్క పూటలో నోరు వంకరపోయి, మాటలన్నీ పోయి, “అదే... అదే...” అన్న ముక్క ఒక్కటే మిగిలింది. దాహమేసినా “అదే”, నొప్పి పుట్టినా “అదే”! చెప్పలేక ఆ తల్లి కళ్లవెంట నీళ్లు కారుతుంటే, అర్థం చేసుకోలేక తను తల బాదుకుంటుంటే... వద్దమ్మా, పగవాళ్లకి కూడా వద్దు ఆ బతుకు!

అందుకే మార్తమ్మ చేతిలో పని వదిలేసి వెళ్లి మొగుడి కాళ్లు పట్టుకుంది.

“ఏమండీ! మీకు గొంతు పోతుందని భయం... నాకు మాటే పోతుందని భయం! మా అమ్మను చూశారుగా! మీరలా మంచాన పడి నాకేసి చూస్తూ ‘అదే... అదే...’ అంటుంటే నేను తట్టుకోలేనండీ! నామీద ఒట్టు, ఆ మాత్ర వేసుకోండి!”

“లే మార్తా, లే ముందు. నువ్వు ఏడిస్తే నా గుండె మామూలుగా కొట్టుకోదు కదా! గొంతు లేకపోయాక నేను బతికేం చెయ్యను? గుమ్మంలో కూర్చుని ఈగలు తోలుకోనా?” ఆవిడను రెండు భుజాలూ పట్టి లేపాడు. కానీ మాట మార్చలేదు. పట్టుదల! ఈ మగవాళ్లకు ఆ ఒక్కటీ దేవుడు కొలవకుండా పోసేశాడు. డైలాగు కాగితాల ఫైలు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, ఎప్పటిలాగే చెయ్యి చాచాడు. “ఫ్లాస్కు.”

ఆ ఫ్లాస్కు సంగతి ఇక్కడ చెప్పాలి. సుందర్ రాజు బాబాయి ఒకాయన తెనాలి వైపు పద్య నాటకాలు ఆడేవాడు. రాగం తీస్తే అర్ధరాత్రి కూడా జనం కదిలేవాళ్లు కాదట. ఎవరో ఓర్వలేక తాంబూలంలో సింధూరం కలిపి పెట్టారని, తెల్లారేసరికి గొంతు కీచుగా మారిపోయిందని, ఆయన మళ్లీ స్టేజీ ఎక్కలేదని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. నిజమో కాదో దేవుడికెరుక! సుందర్ రాజుకి మటుకు అది వేదవాక్కు. పనిలో ఉండగా పరాయి చేతి నీటిచుక్క ముట్టడు. ప్రొడ్యూసరు కాఫీ పంపినా నమస్కారం పెట్టి పక్కన పెట్టేస్తాడు. మిరియాలు, అల్లం, తులసి వేసి మార్తమ్మ కాచి, పచ్చమూత స్టీలు ఫ్లాస్కులో పోసి ఇచ్చిన కషాయం తప్ప ఆ గొంతులోకి ఇంకేమీ దిగదు. ముప్పై ఏళ్లుగా అంతే! ఫిలింనగర్ స్టూడియోల్లో అందరూ దాన్ని మార్తమ్మగారి ఫ్లాస్కు అనే అంటారు.

ఆయన వెళ్లాక మార్తమ్మ జెరూషకు ఫోను చేసి ఏడ్చింది. జెరూష వెంగళరావు నగర్‌లో కాపురం, బ్యాంకులో ఉద్యోగం. బస్సులో నిలబడి మాట్లాడుతున్నట్టుంది, హడావుడిగా అంది. “అమ్మా, డాడీ నా మాట వింటారా? ఎలాగోలా నువ్వే మింగించాలి. అంతా నీ చేతిలోనే ఉంది!”

నీ చేతిలోనే ఉంది...

కూతురు మామూలుగానే అన్న ఆ మాట మార్తమ్మ మనసులో దిగబడిపోయింది. చెత్తబుట్టలోంచి మాత్రల అట్ట తీసి, తుడిచి, మిరియాల సీసా వెనక దాచింది. మర్నాడు పొద్దున ఒక మాత్ర మెత్తగా నూరి కషాయంలో కలిపింది. మొగుడికి తెలియకుండా మొగుడి నోట్లోకి... ముప్పై ఏళ్లుగా లోకంలో ఎవరినీ నమ్మకుండా తన చేతినొక్కదాన్నే నమ్మిన మనిషికి! కలపకపోతే పక్షవాతం, కలిపితే ద్రోహం. ఎటు తిరిగినా గోడే! ఆఖరికి మూత బిగించి ఇచ్చేసింది. రాత్రి పాలల్లో ఇంకొకటి కలిపింది.

“కషాయం చేదుగా ఉందేం మార్తా?” అని అడిగాడాయన రెండోరోజు.

“తులసి కాస్త ఎక్కువ పడిందండీ.” పెళ్లయ్యాక మొగుడితో ఆడిన మొదటి అబద్ధం అది. ఆ సాయంత్రం ప్రార్థనకు మోకరించింది. ఆమేన్ అనకుండానే లేచిపోయింది.

మూడోరోజు ఆయన మోచేతి మీద నీలంగా ఒక మచ్చ కనబడింది. ఎక్కడో తగిలుంటుందిలే అన్నాడాయన. మార్తమ్మకేమో ప్రాణం లేచొచ్చింది! మందు పనిచేస్తోంది, రక్తం పలచబడుతోంది, ఇంక గడ్డ కట్టదు... స్తోత్రం తండ్రీ అనుకుంది పిచ్చితల్లి! నాలుగోరోజు ఇంకో రెండు మచ్చలు. అవీ చూసి సంతోషించింది.

ఐదోరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. డబ్బింగ్ చూసుకునే సాయిశ్రీనివాస్.

“అమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి గాని... జర జల్ది రావాలె. సార్ ఆఖరి అరుపు అరిచిండు. ఏం అరుపమ్మా అది, అద్దం అవతల కూసున్న మాకు రోమాలు లేసినయ్! గంతే... గొంతు బందైంది. ఒక్క మాట వస్తలేదు. తుపుక్కున ఊస్తే జర రక్తం పడ్డది...”

కృష్ణానగర్ సందుల్లో, ఆ తర్వాత చెక్‌పోస్టు ట్రాఫిక్‌లో ఆటో ఎలా నడిచిందో, తను ఎలా కూర్చుందో మార్తమ్మకు తెలియదు. స్టూడియో మెట్లెక్కి తలుపు తోసేసరికి సుందర్ రాజు సోఫాలో ఒరిగి ఉన్నాడు. తువ్వాలు మీద ఎర్రటి మరక. ఒళ్లో పచ్చమూత ఫ్లాస్కు. భార్యను చూడగానే ఆ కళ్లలోకి ధైర్యం వచ్చింది. నువ్వొచ్చావుగా, ఇంక ఫరవాలేదన్నట్టు తలాడించి, ఫ్లాస్కు మూత తీసి మిగిలిన కషాయం నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“వద్దు!... తాగొద్దు!” మార్తమ్మ ఒక్క ఉదుటున వెళ్లి ఫ్లాస్కు లాగేసుకుంది. కషాయమంతా తివాచీ మీద ఒలికిపోయింది. అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు.

“చల్లారిపోయిందండీ... చల్లారింది తాగితే గొంతుకు మంచిది కాదు...” ఇది రెండో అబద్ధం.

ఆస్పత్రిలో గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పెట్టి చూశాడు. మాట పలికించే పొర కింద రక్తం చేరి ఉబ్బిపోయిందన్నాడు. రెండు వారాలు మూలిగే చప్పుడు కూడా చెయ్యకూడదు, గుసగుస కూడా వద్దు, ఆ తర్వాత గొంతు ఎంత తిరిగొస్తుందో అప్పుడే చెప్పలేమన్నాడు. డాక్టర్ వందన రక్తపరీక్ష కాగితాలు చూసి ముఖం చిట్లించింది.

“ఇంత పలచబడిందేమిటి! సుందర్ రాజుగారూ, మాత్ర ఎక్కువ వేసుకున్నారా?”

ఆయన తల అడ్డంగా ఊపి, చేతికి దొరికిన డైలాగు కాగితం తిప్పి, వెనక తెల్లగా ఉన్నవైపు పెన్సిలుతో రాశాడు. జెరూష పైకి చదివింది. “రోజూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోలేదు.” ఫైలు లోపలి అరలోంచి కొత్త మాత్రల అట్ట తీసి డాక్టరు ముందు పెట్టాడు. అందులో సగానికి పైగా ఖాళీ!

మార్తమ్మ ఆ ఖాళీ గుంటలు లెక్కపెట్టింది. వేసుకుంటున్నాడు! ఆ రోజు నుంచీ వేసుకుంటూనే ఉన్నాడు! తనకు చెప్పలేదు... తను చాటుగా కలిపింది... పొద్దున రెండు, రాత్రి రెండు! అయ్యో నా చేతులు పడిపోను! ఆ నీలం మచ్చలు చూసి సంబరపడ్డానే!

“ఇంకేమైనా తీసుకున్నారా? ఒంటినొప్పుల మాత్రలు, ఆకు పసర్లు, ఏమైనా?” అంది డాక్టరు.

ఆయన మళ్లీ రాశాడు. జెరూష మళ్లీ చదివింది. “మా మార్త ఫ్లాస్కు తప్ప బయటి చుక్క ముట్టను. ముప్పై ఏళ్లుగా అంతే.” రాసి భార్య చెయ్యి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు.

చెప్పాలి! ఇప్పుడే చెప్పాలి! నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఆ పట్టుకున్న చెయ్యి చూసింది. నిజం చెప్పిన మరుక్షణం ఆ చెయ్యి జారిపోతుంది... మళ్లీ ఈ జన్మలో ఈ చేతి ముద్ద ఆయన నోటికి పోదు!

“ఏమ్మా, ఏమైనా చెప్పాలా?”

“ఏం... ఏం లేదమ్మా.”

“అయితే ఈ మందు ఈయన ఒంటికి పడలేదన్నమాట. మామూలు మోతాదుకే ఇలా అయితే ప్రమాదం. పూర్తిగా ఆపేద్దాం. ఇంకేం చెయ్యాలో వారం తర్వాత ఆలోచిద్దాం,” అంటూ డాక్టరు చీటీ మీద ఆ మాత్ర పేరు అడ్డంగా కొట్టేసింది.

ఎంత దారుణమో చూడండి! ఏ మాత్ర కోసం ఇంత పాపం చేసిందో ఆ మాత్రే పోయింది. తను నోరు విప్పితే మొగుడి మనసులోంచి తనే పోతుంది. విప్పకపోతే మొగుడి మాటే పోతుంది, రేపో మాపో, తన తల్లికి పోయినట్టు! బోనులో పడిన మనిషికైనా ఏ పక్కనో ఒక చువ్వ వంగుతుందేమోనన్న ఆశ ఉంటుంది. మార్తమ్మకు అదీ లేదు. ఇంటికొచ్చి జావ కాచింది, పక్క వేసింది, ఆయన పడుకుంటే ఊపిరి వింటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున వెనక వరండాలో ఆయన ముఖం కడుక్కుంటూ ఉండగా ఠంగుమని చప్పుడు. మార్తమ్మ పరుగెత్తింది. చెంబు కింద పడి దొర్లుతోంది. ఆయన చెయ్యి గాలిలో అలాగే ఉంది.

“ఏమండీ! చెయ్యి... చెయ్యి ఎత్తండి! రెండు చేతులూ ఎత్తండి! ఇటు చూడండి... నవ్వండి, ఒక్కసారి నవ్వండి! నోరు పక్కకి పోతోందా? ప్రభువా, మాట ఎలా ఉందో చూద్దామంటే మాటే లేదే! ఏదీ, మీ పేరు... వద్దు వద్దు, మాట్లాడొద్దు! చెయ్యి ఎత్తండీ!”

సుందర్ రాజు బిత్తరపోయి రెండు చేతులూ ఎత్తాడు. కుడిచేతి నిండా సబ్బు నురగ. ఆ సబ్బుకే చెంబు జారింది, అంతే! నవ్వమన్నందుకు నవ్వాడు కూడా, అయోమయంగా, పెదవుల రెండు చివరలూ సమానంగా. ఆ నవ్వు చూడగానే మార్తమ్మలో ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా తెగిపోయింది. తడినేల మీదే కూలబడిపోయింది.

“నేనేనండీ! మీ గొంతు తీసింది నేనే! మీరు మాత్ర పారేశారు కదాని... ఏరి తెచ్చి కషాయంలో నూరి పోశానండీ! మీరు వేసుకుంటున్నారని నాకు తెలియదు! డాక్టరమ్మ అడిగినా చెప్పలేకపోయాను, మీరు నా చెయ్యి పట్టుకున్నారు... నేను చెప్పకపోతే ఆ మాత్ర ఆపేస్తారు, మీకేమైనా అయిపోతుంది! నన్ను కొట్టండి, పొమ్మనండి... మాత్ర మటుకు మానొద్దండీ!”

ఆయన చేతి నురగ కడుక్కున్నాడు. తర్వాత లోపలికి వెళ్లి కాగితం తెచ్చి రాశాడు. “ఎన్ని రోజులు?”

“నాలుగు రోజులండీ... పొద్దున ఫ్లాస్కులో ఒకటి, రాత్రి పాలల్లో ఒకటి.”

పెన్సిలు పక్కన పెట్టేశాడు. మార్తమ్మ కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అందించింది. ఆయన అందుకోలేదు. లేచి వెళ్లి, వేరే గ్లాసు తీసుకుని, కడుక్కుని, తనే నీళ్లు పట్టుకుని తాగాడు.

కొట్టి ఉంటే బావుండేది! ఆ వేరే గ్లాసు దెబ్బ ముందు ఏ దెబ్బయినా ఏపాటిది?

జెరూష వచ్చి, విని, తల పట్టుకుంది. “ఇదేం పనమ్మా! మనిషికి చెప్పకుండా మందు కలిపి పెడతారా ఎవరైనా!”

“నా చేతిలోనే ఉందన్నావుగా తల్లీ...” అంది మార్తమ్మ. జెరూష తల్లిని కావలించుకుని తనూ ఏడ్చింది. తర్వాత డాక్టరుకి ఫోను చేస్తే ఆవిడ ముందు చెడామడా తిట్టి, ఆ తర్వాత నిట్టూర్చింది. “పోన్లెండి, ఇప్పటికైనా చెప్పారు! చెప్పకపోతే ఆయనకు ఈ మందు పడదని అలాగే వదిలేసేదాన్ని, ఎంత ముప్పు! గొంతులో కొత్తగా రక్తం చేరడం ఆగిందని తేలగానే మళ్లీ మొదలుపెడదాం. ఈసారి ఎప్పుడు వేసుకుంటున్నారో, ఎవరు ఇస్తున్నారో ఇంట్లో అందరికీ తెలియాలి.”

నాలుగోరోజు నుంచి మాత్ర మళ్లీ మొదలైంది. కొత్త అట్ట సుందర్ రాజు చొక్కా జేబులో ఉండేది. వేళకు తనే తీసుకుని, తన గ్లాసుతో తనే మింగేవాడు. మార్తమ్మ ఫ్లాస్కును తోమి, ఆరబెట్టి, పాత చీర ముక్కలో చుట్టి అటక మీద పెట్టేసింది. ఇల్లంతా నిశ్శబ్దం. ముప్పై ఏళ్లుగా పొద్దున లేస్తే రాక్షసుడిలా నవ్వి గొంతు సవరించుకునే మనిషి ఉన్న ఇల్లు అది! ఆయన కాగితం మీద రాసేవాడు... “ఉప్పు.” “కరెంటు బిల్లు.” “చర్చికి పద.” అంతే, ఆ పైన ఒక్క అక్షరం ఉండేది కాదు. తిట్టయినా రాశాడేమో అని ఆ కాగితాలన్నీ తిప్పి తిప్పి చూసేది మార్తమ్మ. వెనకవైపు డైలాగులుండేవి... నిన్ను బతకనివ్వను, నీ వంశాన్ని మిగల్చను అని. ఇటువైపు ఉప్పు! ఆయన గొంతు తిరిగొస్తే మొదటి మాట ఏమంటాడో అని భయం, అసలు తిరిగి రాకపోతే అని అంతకన్నా భయం. వంటింట్లో నిలబడి గోడకేసి చూస్తుండేది, చారు పొంగి పొయ్యి మీద పడేది.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు అలవాటుగా వాక్యం చదవమని చూస్తే సుందర్ రాజు తల అడ్డంగా ఊపాడు. వేరే ఎవరో చదివారు. మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

పన్నెండోరోజు సాయిశ్రీనివాస్ వచ్చాడు. కూర్చోలేదు, గుమ్మంలోనే చెప్పులు విప్పి నిలబడ్డాడు.

“సార్... డైరెక్టర్ సార్ మస్తు ఆగిండు. రిలీజ్ డేట్ ముంగటికొచ్చింది. మొత్తం పాత్ర ఇంకొకరితోని చెప్పించిండ్రు నిన్న.” తల వంచుకున్నాడు. “మీ ఆఖరి అరుపు ఒక్కటి మటుకు తియ్యలే సార్. గది అట్లనే ఉంచిండ్రు. గంత గొప్పగ ఎవ్వల్తోని కాలే.”

సుందర్ రాజు ఆ అబ్బాయి భుజం తట్టి పంపేశాడు. కిటికీ దగ్గర కూర్చుని, చీకటి పడేదాకా అక్కడి నుంచి లేవలేదు.

రెండు వారాలు గడిచి మళ్లీ గొట్టం పెట్టి చూశారు. వాపు తీసింది. “రోజుకు ఐదు నిమిషాలు, మెల్లగా, మామూలు మాటలు,” అన్నాడు గొంతు డాక్టరు. “మునుపటి అరుపులు మాత్రం ఇంక మర్చిపోండి.” ఆయన అక్కడ నోరు విప్పలేదు. ఆటోలోనూ విప్పలేదు. ఇంటికొచ్చాక మార్తమ్మ వంటింట్లోకి వెళ్లి ఊరికే గిన్నెలు సర్దసాగింది. వెనక స్టూలు జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఆయన అటక మీద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. పాత చీర ముక్క విప్పాడు. పచ్చమూత ఫ్లాస్కు తీసి పొయ్యి గట్టు మీద పెట్టాడు.

“మార్తా...”

అమ్మో, ఆ గొంతు! బొంగురుగా, గీరుకుపోయినట్టుంది. అయినా మాట! పూర్తి మాట!

“ఐదు నిమిషాలే ఇచ్చాడు డాక్టరు. మధ్యలో ఏడవకు, టైము పోతుంది. ఆ రోజు నువ్వు నా కాళ్లు పట్టుకున్నావు చూడు... స్టూడియోకి వెళ్తూ దారిలోనే మాత్రలు కొని వేసుకున్నాను. ఇంటికొచ్చి ఆ ముక్క చెప్పొచ్చు. చెప్పలేదు. నీ ముందు తగ్గినట్టవుతుందని. నువ్వు బెంగతో అన్నం కెలికి లేచిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. నువ్వు చాటుగా పెట్టావు, నేను చాటుగా మింగాను. తప్పు నీ ఒక్కదానిదే అంటే దేవుడు ఒప్పుకోడు.”

“మీ పాత్ర పోయిందండీ... మీ గొంతు...”

“పోయింది. బాధ లేదని అబద్ధమాడను. ఇన్నాళ్లూ నీమీద కోపంగానే ఉన్నాను, నీ చేతి నీళ్లు తాగలేకపోయాను.” ఆగి ఊపిరి తీసుకున్నాడు. “మా బాబాయి, పెట్టిందెవరో తెలియక ఊరందరినీ అనుమానిస్తూ పోయాడు మార్తా. నాకు పెట్టిందెవరో తెలుసు. ఎందుకు పెట్టిందో కూడా తెలుసు.”

మార్తమ్మ ఏడవద్దన్నాడని పెదవి కొరుక్కుంది. కళ్లు వింటాయా, వాటి పని అవి చేసుకుపోయాయి. ఆయన చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

“పొయ్యి వెలిగించు. కషాయం కాచు. మాత్ర మటుకు విడిగా ఇయ్యి... కనబడేట్టు, నా చేతిలో.”

మిరియాలు దంచింది. అల్లం చితక్కొట్టింది. తులసి నాలుగాకులు వేసి మరిగించి వడగట్టింది. కప్పులో పోసి, ముందు తను ఒక గుక్క తాగి, తర్వాత ఆయనకు అందించింది. అట్టలోంచి ఒక్క మాత్ర తీసి, చాచిన ఆయన చేతిలో పెట్టింది. ఆయన మింగాడు. కప్పు ఖాళీ చేశాడు. గోడ గడియారం కేసి వేలు చూపించి, ఐదు నిమిషాలూ అయిపోయాయన్నట్టు పెదవుల మీద వేలు పెట్టుకుని, పెన్సిలు అందుకుని డైలాగు కాగితం వెనక రాసి చూపించాడు.

“ఇవాళ చేదు లేదు.”